ఈ ఏడు వరి వెయ్యమంటావా?

ఉగాదినాటి పంచాంగ శ్రవణంలో నాకు చిన్నప్పట్నుంచీ నచ్చే ముక్క ఒకటుంది. రాశిఫలాలు కాదు, ఆదాయ వ్యయాలూ కాదు. "ఈ సంవత్సరం వర్షం ఇన్ని కుంచాలు, అందులో సముద్రంలో ఇన్ని పాళ్ళు, కొండల మీద ఇన్ని పాళ్ళు, భూమ్మీద ఇన్ని పాళ్ళు" అని పంతులుగారు చదువుతారు చూడండీ, అదీ. నమ్మకాల సంగతి పక్కన పెడదాం. ఆ లెక్క వెనకున్న ప్రశ్న మాత్రం చాలా తెలివైనది. వాన ఎంత పడుతుంది అని ఒక్కటే కాదు, ఎక్కడ పడుతుంది అని కూడా అడుగుతోంది. సముద్రంలో పడ్డది మనది కాదు. కొండల మీద పడ్డది నదికొస్తుంది. చేలో పడ్డది చేనుకొస్తుంది.

ఇప్పటి పేపర్లలో ఆపాటి వివరం కూడా ఉండదు. జూలై వచ్చిందంటే "శ్రీశైలానికి పోటెత్తిన వరద", "సాగర్ లో 150 టీఎంసీలు" అని పెద్దక్షరాలు. టీవీలో గేట్ల మీంచి దూకే నీళ్ళు, కింద సెల్ఫీలు. చూడ్డానికి బావుంటుంది, కాదనను. కానీ కాలువ కింద నాలుగెకరాలున్న రైతుకి ఆ 150 ఏం చెబుతుంది? నన్నడిగితే, దాదాపు ఏమీ చెప్పదు. ఎందుకు చెప్పదో, ఏం చెబితే పనికొస్తుందో నాకు తోచింది రాస్తున్నా. నేను నీటిపారుదల నిపుణుణ్ణేం కాదు. ఈసీఈ చదివి జావా రాసుకునే సగటు సాఫ్ట్ వేర్ జీవిని. కూడికలూ తీసివేతలూ వచ్చు, అంతే :)

ఈ గొడవ నాకెందుకంటే, మా బాబాయ్ వల్ల. ఆయనది ప్రకాశం జిల్లాలో నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూమి. సొంతం రెండెకరాలు, కౌలుకి మరో మూడు. చివరి భూమి అంటే అర్థమయ్యే ఉంటుంది. కాలువ ఎత్తిన రోజు పైవాళ్ళకి పండగ, వీళ్ళకి నీళ్ళందేసరికి ఎన్నాళ్ళు పడుతుందో దేవుడికెరుక. కాలువ కట్టేసేటప్పుడు మాత్రం మొదట ఎండేది వీళ్ళ చేలే. ఆయన ప్రతి జూలైలో తేల్చుకోవాల్సింది ఒక్కటే. నారు పొయ్యాలా, వద్దా? కౌలు ముందే కట్టాలి. దుక్కికి, విత్తనాలకి, ఎరువులకి అప్పు ముందే చెయ్యాలి. నీళ్ళు వస్తాయో రావో మాత్రం తర్వాత తెలుస్తుంది.

2023లో ఆయన కాలువ ఆఫీసుకెళ్ళి అడిగితే "పైనుంచి ఆర్డరు రాలేదు" అన్నారట. లష్కరుని అడిగితే "అందరూ పోస్తున్నారు, నువ్వూ పొయ్యి" అన్నాడట. పోశాడు. ఆ ఏడాది ఆగస్టు ఎలాంటిదంటే, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం మొత్తమ్మీద అంత పొడి ఆగస్టు లేదు. శ్రీశైలం నిండలేదు, సాగర్ గేట్లు లేవలేదు. నారుమడిలో నారు ముదిరిపోయింది. చివరికి దాంట్లోకి గేదెల్ని తోలాడు. ఫోన్లో ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ మరుసటి ఏడాది నుంచీ నాకు ఫోన్ చేస్తున్నాడు. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లో చూసి చెప్పు. ఈ ఏడు వరి వెయ్యమంటావా?"

సరే, చూద్దాం అని కూర్చున్నాను. ముందు టీఎంసీ సంగతి. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. ఈ అంకె బుర్రకెక్కదు. ఎకరం నేల మీద అడుగు లోతున పరిస్తే దాదాపు 22,950 ఎకరాలకి వస్తుంది. కాలువల్లో ఇంకిపోయేదీ ఆవిరయ్యేదీ కలిపి వరికి నాలుగడుగుల నీళ్ళు అనుకుంటే, ఒక టీఎంసీకి సుమారు 5,700 ఎకరాలు. ఆరుతడి పంటలైతే అదే నీళ్ళకి ఇంకా చాలా ఎక్కువ పారుతుంది. ఇంకో లెక్క కూడా గుర్తు పెట్టుకుంటే మంచిది. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. టీవీలో "లక్ష క్యూసెక్కుల వరద" అని అరిచినప్పుడల్లా మనసులో 8.64 అనుకోండి, కంగారు సగం తగ్గుతుంది.

ఇప్పుడు "సాగర్ లో 150 టీఎంసీలు" సంగతి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిండితే 312 టీఎంసీలు. కట్టినప్పుడు 408, మిగతా చోటు పూడిక తినేసింది. 150 అంటే దాదాపు సగం నిండినట్టు కదా? కాదు. వాడకానికి కనీస మట్టం 510 అడుగులు. ఆ మట్టం దగ్గర కూడా జలాశయంలో సుమారు 131 టీఎంసీలుంటాయి. అంటే 150లో మామూలుగా వాడుకోదగ్గవి 19. బ్యాంకు ఖాతాలో లక్షన్నర ఉందని సంబరపడితే, అందులో లక్షా ముప్ఫై వేలు మినిమమ్ బ్యాలెన్స్ అని చెప్పినట్టన్నమాట. పైగా ఆ 19లోంచి కుడి కాలువ, ఎడమ కాలువ, హైదరాబాదు మంచినీళ్ళు.. అందరికీ సర్దాలి. నేను హైదరాబాదులో కుళాయి తిప్పితే వచ్చే కృష్ణ నీళ్ళు, మా బాబాయ్ చేలోకి రావల్సిన నీళ్ళు ఒకే జలాశయంలోవి. కొరత వస్తే ముందు నాకే ఇస్తారు. అది న్యాయమే కావచ్చు, తాగునీటికే మొదటి చోటు. కానీ ఆ కొరత ఎవరి నారుమడిలో తేలుతుందో నగరంలో ఉన్నవాడికి తెలియాలా వద్దా?

తరవాతి ప్రశ్న, అసలు కృష్ణలో నీళ్ళెన్ని? దీనికి మన దగ్గర రెండు ట్రిబ్యునళ్ళ నిండా లెక్కలున్నాయి. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా, అంటే 78 ఏళ్ళ ప్రవాహాలు తీసుకుని, 75 శాతం నమ్మకంగా దొరికే నీళ్ళు 2,060 టీఎంసీలు అని తేల్చింది. నాలుగేళ్ళలో మూడేళ్ళు అంతకి తగ్గవు అని దానర్థం. బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ళు చూసింది. 75 శాతం దగ్గర 2,173, 65 శాతం దగ్గర 2,293, సగటు చూస్తే 2,578 అంది. నది అదే, ఏళ్ళూ అవే. మనం ఏ ప్రశ్న అడిగామన్నదాన్ని బట్టి జవాబులు మూడు. సగటుకీ 75 శాతానికీ తేడా 405 టీఎంసీలు. నిండు సాగర్ కంటే ఎక్కువ!

మా ఫీల్డులో వాళ్ళకి ఇది సులువుగానే అర్థమవుతుంది. మీ వెబ్ సైటు సగటున ఒక సెకనులో తెరుచుకుంటుందంటే క్లయింటు ఊరుకోడు, వందమందిలో తొంభై అయిదుమందికి ఎంతలో తెరుచుకుంటుందో చెప్పమంటాడు. నీళ్ళూ అంతే. సగటు మీద పంట పండదు.

ఇంకో సంగతి. ఈ అంకెలు విజయవాడ దగ్గర నిలబడి కొలిస్తే వచ్చేవి కావు. నది అక్కడికి చేరేలోపు మహారాష్ట్రలో, కర్ణాటకలో, మన దగ్గరా ఎంతో వాడేస్తారు. కోయన నీళ్ళు కొన్నయితే కరెంటు కోసం కొండల్ని దాటించి పడమటికి మళ్ళిస్తారు, అవి కలిసేది అరేబియా సముద్రంలో. అందుకని విజయవాడ దగ్గర పారినదానికి పైన వాడినవీ, జలాశయాల్లో ఆవిరైపోయినవీ, నిలవ పెరిగినదీ కలపాలి. కాలువల కింద వాడాక తిరిగి నదిలోకి జారినవి తీసెయ్యాలి. ఆవిరే కదా అని తీసిపారెయ్యకండి. ఒక్క శ్రీశైలంలో ఆవిరి కిందే ఏడాదికి 33 టీఎంసీలు లెక్కకట్టింది బచావత్. పైన ఎవరైనా వాడకం తక్కువ చేసి చూపిస్తే కింద లెక్కంతా తప్పుతుంది. అంటే కృష్ణలో నీళ్ళెన్ని అన్నది సగం కొలత, సగం నమ్మకం. రాష్ట్రాల మధ్య లేనిదే అది.

సరే, ఇదంతా ఏళ్ళ తరబడి పంపకాల లెక్క. మా బాబాయ్ అడిగింది నాలుగేళ్ళలో మూడేళ్ళ సంగతి కాదు, ఈ ఏటి సంగతి. 75 శాతం అన్నారు కదా అని చెడ్డ ఏడాది బుద్ధిగా నాలుగేళ్ళకోసారి రాదు. 2002-03, 2003-04 వరసగా వచ్చి కొట్టాయి. మంచి ఏడాది కూడా చెప్పి రాదు. 2009నే తీసుకోండి. దేశం మొత్తమ్మీద నైరుతిలో 22 శాతం లోటు. సీజను అయిపోయింది, కరువే అనుకున్నాక అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరదొచ్చి కర్నూలు మునిగింది. ఆ ఏడాది మొత్తం చూస్తే నీళ్ళు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. జూలైలో నారు పోసుకున్నవాడికి అక్టోబరు వరద దేనికి?

అందుకే మా బాబాయ్ కోసం నేను వేసే లెక్క వేరు. దాన్ని ఖాళీల లెక్క అనొచ్చు. సాగర్ కి నీళ్ళు రావాలంటే పైన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, వాటి కింద శ్రీశైలం వరసగా నిండుతూ రావాలి. జూలై 15న వాటిల్లో ఎంత చోటు ఖాళీగా ఉందో కూడాలి. ఉదాహరణకి శ్రీశైలం పైన ఉన్నవాటిలో 70, శ్రీశైలంలో 150, మొత్తం 220 టీఎంసీల ఖాళీ ఉందనుకుందాం. పైనుంచి రోజూ లక్ష క్యూసెక్కులొస్తే 220ని 8.64తో భాగించాలి. ఇరవై అయిదు రోజులు. అంటే ఆగస్టు 9. శ్రీశైలం నిండకముందే కరెంటు కోసం కిందికి వదిలే నీళ్ళు కొంత కలుస్తాయి, శ్రీశైలం నుంచి పక్కకెళ్ళే కాలువలు కొంత పట్టుకెళ్తాయి, తుంగభద్ర వైపు నుంచి ఎంతో కొంత వస్తుంది. అన్నీ కూడికలూ తీసివేతలే, ఐన్ స్టీన్ అక్కర్లేదు. లక్షకి బదులు నలభై వేల క్యూసెక్కులే వస్తే అదే లెక్క రెండు నెలలు దాటుతుంది, వరి ఆశ వదులుకోవాల్సిందే.

ఈ లెక్కలో ఇబ్బంది పెట్టేది ఆ లక్షా, నలభై వేలా అన్నది. అది పడమటి కనుమల్లో పడే వాన చేతిలో ఉంది. మహాబలేశ్వర్ లో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైన పడుతుంది, మా ఊళ్ళో 800 చుట్టుపక్కల. మా బాబాయ్ తలెత్తి చూసే మబ్బుకీ ఆయన కాలువలోకొచ్చే నీటికీ సంబంధం తక్కువన్నమాట. 2024నే చూడండి. జూలై సగం దాకా శ్రీశైలం వెలవెలబోయింది. నెలాఖరుకి గేట్లెత్తారు, ఆగస్టు మొదటి వారంలో సాగర్ గేట్లు కూడా. 2025లో అయితే జూలైలోనే రెండిటికీ గేట్లెత్తేశారు. 2023లో అసలు ఎత్తలేదు. వరసగా మూడేళ్ళు, మూడు వేర్వేరు నదులన్నట్టు!

అలాగని నదులన్నీ కృష్ణలా ఉండవు. గోదావరికి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తోడుగా ఉన్నాయి, వానలు తగినంత పడితే జూలైలోనే పొంగుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అదే సమయానికి చాలా ఏళ్ళు కృష్ణా డెల్టా నారుమళ్ళ కోసం ఎదురు చూస్తుంటుంది. పట్టిసీమ ఎత్తిపోతల వెనకున్న ఆలోచన ఈ తేడానే. ఈ నది ముందు పొంగుతుంది, ఆ నది ఆలస్యం, కాబట్టి దీన్ని దానికి సర్దు. దాని ఖర్చు, రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నేను చెప్పేదల్లా, నదులన్నిట్నీ పక్కపక్కన పెట్టి, నెలలవారీగా చూస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుందని. పెన్న కింద ఉన్నవాడికి కృష్ణ లెక్క పనికిరాదు, వంశధార కింద ఉన్నవాడికి గోదావరి లెక్క పనికిరాదు.

డెన్వర్ లో ఉండే మా క్లాస్ మేట్ ఒకడితో ఇదంతా వాగుతుంటే, అక్కడివాళ్ళ పద్ధతి చెప్పాడు. కొలరాడో కొండల్లో చలికాలమంతా మంచు పేరుకుంటుంది. అది కరిగితే ఎన్ని నీళ్ళవుతాయో కొలుస్తారు. దానికి జలాశయాల్లో నిలవ, నదిలో ప్రవాహం, వాన కలిపి, ఒక్కో నదీ పరీవాహక ప్రాంతానికి ఒక్కో అంకె ఇస్తారు. 1981 నుంచీ ఉందట ఆ సూచిక. మైనస్ నాలుగు చుట్టూ ఉంటే ఘోరం, సున్నా అయితే మామూలు, ప్లస్ నాలుగు చుట్టూ ఉంటే పుష్కలం. రైతు ఆ ఒక్క అంకె చూసుకుంటాడు. వాళ్ళకున్న సుఖమేమిటంటే, ఏప్రిల్ లో వాళ్ళ నీళ్ళు కొండ మీద గడ్డకట్టి కళ్ళెదుట ఉంటాయి. మన నీళ్ళు అప్పటికి ఇంకా సముద్రంలో ఉంటాయి. కాబట్టి వాళ్ళంత కచ్చితంగా మనం చెప్పలేం. ఒప్పుకుంటాను.

కానీ చెప్పగలిగింది కూడా చెప్పకపోవడమే నాకు నచ్చనిది. మన దగ్గర సమాచారం లేదా అంటే బోలెడుంది. వాతావరణ శాఖ ఏప్రిల్ లో ఒకసారి, మే చివర్లో ఒకసారి సీజను అంచనా ఇస్తుంది. కేంద్ర జలసంఘం 150కి పైగా జలాశయాల నిలవలు వారం వారం ప్రకటిస్తుంది, నిరుటితోనూ పదేళ్ళ సగటుతోనూ పోల్చి మరీ. రోజువారీ మట్టాలు పేపర్లలోనే వస్తాయి. లేనిదల్లా, వాటన్నిట్నీ కలిపి "కుడి కాలువ చివరి భూములకి ఈ ఏడు వరికి నీళ్ళొచ్చే అవకాశం పదింట ఇంత" అని తెలుగులో చెప్పే ఒక్క కాగితం. జూన్ 1న ఒకటి, జూలై 15న ఒకటి, ఆగస్టు 15న ఒకటి. అక్కడ టీఎంసీలొద్దు, క్యూసెక్కులొద్దు. కాలువవారీగా మూడు ముక్కలు చాలు. వరి వేసుకోవచ్చు, ఆరుతడి వేసుకోండి, ఆగండి. పంచాయతీ ఆఫీసు గోడకి అంటించినా చాలు.

ఈ మాటంటే నాకు రెండు జవాబులొచ్చాయి. ఒకటి, అంచనా తప్పితే రైతులు తిడతారు అని. నిజమే, కొన్నేళ్ళు తప్పుతుంది. వాన వస్తుందని చెప్పిన రోజు రాకపోతే వాతావరణ శాఖని మాత్రం తిట్టట్లేదా? అయినా చెప్పడం మానలేదు కదా. పదింట మూడు అని చెబితే, ఆ మూడుకి తెగించాలా వద్దా అన్నది రైతు తేల్చుకుంటాడు. జూదమాడేవాడికి కనీసం పాచికకి ఎన్ని ముఖాలో తెలియాలి. రెండోది, రెండు రాష్ట్రాల మధ్య వాటాలు తేలకుండా కాలువవారీగా ఎలా చెబుతారని. ఇది కొంచెం గట్టి ప్రశ్నే. 811 టీఎంసీలని 2015లో తాత్కాలికంగా 512, 299 కింద పంచుకున్నారు. ఆ తాత్కాలికమే గొడవల మధ్య సాగుతూ వచ్చింది. 2023 అక్టోబరులో కేంద్రం పంపకం పని మళ్ళీ ట్రిబ్యునల్ కి అప్పగించింది. అదే ఏడాది నవంబరు చివర్లో సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. నీళ్ళు లేని ఏడాదే ఆ పరిస్థితి వచ్చిందని గమనించండి. జూలైలోనే "ఈ ఏడు ఇంతే" అన్న అంకె రెండు వైపులా ఒకటే అయి ఉంటే, నవంబరులో కొట్టుకునేందుకు కారణాలు కొన్నయినా తగ్గేవి. వాటా ఎంతన్నది కోర్టులో తేలాలి. ఉన్నది ఎంతన్నది కొలబద్ద మీద కనిపిస్తూనే ఉంది.

నీళ్ళు ఉన్నంత మాత్రాన సరిపోదనీ చూశాం. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. నిండుకుండలా ఉన్న జలాశయంలోంచి, ఆ చోటు మూసేలోపు ఎన్నో టీఎంసీలు కిందికి వెళ్ళిపోయాయి. గొలుసులు, గేట్లు, పూడిక, కాలువ లైనింగు.. ఇవి కూడా నీటి అంచనాలో భాగమే. ఆ సెప్టెంబరు మొదట్లోనే ప్రకాశం బ్యారేజీ మీంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ వేగంతో రోజంతా పారితే దాదాపు 99 టీఎంసీలు. కుడి కాలువకి ఏడాది మొత్తానికీ కేటాయించింది 132. ఒకపక్క బ్యారేజీ మీంచి అన్ని నీళ్ళు పోతుంటే మా వైపు చివరి తూముల దగ్గర నీళ్ళ కోసం వంతులు. రెండూ ఒకే నది.

ప్రస్తుతానికి మా బాబాయ్ కోసం నా ఎక్సెల్ షీటే గతి. జూన్ నుంచి రోజూ రాత్రి అయిదు జలాశయాల అంకెలు ఎక్కిస్తాను, జూలై 15న ఆయనకి ఫోన్ చేసి పదింట ఎంతో చెబుతాను. ఆయన తన పక్కచేను వాళ్ళకి చెబుతాడు. పోయినేడు ఆ పక్క మేజరు కాలువ కింద నుంచి కూడా ఇద్దరు నా నంబరు తీసుకుని చేశారు. "బాబూ, మాకూ చూసి చెప్పు" అని. పదకొండు లక్షల ఎకరాల ఆయకట్టున్న కాలువ కింద రైతులు, ఆఫీసు అయ్యాక సరదాగా లెక్కలేసుకునే నాలాంటివాడికి ఫోన్ చెయ్యాల్సి రావడం ఏం బాగాలేదు. ఆ ఫోన్ ఎత్తాల్సినవాళ్ళు జీతం తీసుకునే చోట వేరే ఉన్నారు.